ఆరున్నర కుర్చీ

2007 ఏప్రిల్ 19, గురువారం. ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు గద్వాలలోని తన విత్తనాల దుకాణంలో ప్రేమ్ కుమార్ ఒక కాగితం మీద రెండో గడిలో టిక్కు పెట్టాడు.

అది సింగపూర్ ఓడ ప్రయాణం కాగితం. పత్తి విత్తనం పండించి ఇచ్చే ఆర్గనైజర్లకు కంపెనీ ఇచ్చిన టూరు. వెంట భార్యను తీసుకుపోవచ్చు. మేలో, మూడు రాత్రులు.

కాగితం తెచ్చింది వనపర్తి ట్రావెల్స్ మనిషి శ్రవణ్ కుమార్.

మొదటి గడి: రాత్రి భోజనం రోజూ ఆరున్నరకు, అదే బల్ల, అవే కుర్చీలు.

రెండో గడి: ఎప్పుడైనా రావచ్చు. కుర్చీ ఖాళీ అయినప్పుడు కూర్చోవచ్చు.

"ఆరున్నరకు ఎవడు తింటడు భాయ్? గది బువ్వ తినే యాళ్లనా?"

"మీ ఇష్టం సార్. ఒక్కసారి పెడితే మల్ల మార్చరు."

"ఇర్వై ఏండ్ల సంది పత్తి పువ్వు టైముకే బతుకుతున్న. పొద్దుమూకంగ మొగ్గ ఒలవాలె, తెల్లారి పుప్పొడి అద్దాలె. ఏనాడన్న యాళ్లకు తిన్ననా? గా మూడు దినాలన్న నా మనసొచ్చినప్పుడు తింట."

లోపలి నుంచి అతని భార్య చిన్న డబ్బా పట్టుకుని వచ్చింది.

"ఓడల ఫ్రిజ్ ఉంటదా? నా షుగరు సూది మందు ఎండకు ఖరాబైతది."

"ఉంటదంట యమునా. పరేషాన్ గాకు."

బల్లకు అవతల ఒక ముసలాయన పది నిమిషాలుగా నిలబడి ఉన్నాడు. తెల్లగడ్డం, చంకలో గొడుగు. కాగితం మీది ఓడ బొమ్మను, దాని కింది పేరును చూస్తున్నాడు.

"సాబ్, అమ్మకు సూది ఉన్నది. టైం ఉన్న గడిల పెట్టున్రి."

ప్రేమ్ కుమార్ తలెత్తాడు. "నువ్వెవరు?"

"బెండ గింజలకొచ్చిన."

"మరి బెండ గింజల ముచ్చట జెప్పు. ఓడ ముచ్చట నీకెందుకు?"

"సూది ఏసుకున్నంక అరగంటల బువ్వ పడాలె సాబ్. ఆడ లైను ఉంటది. మా ఇంటామె గూడ గదే సూది ఏసుకునేది."

"మీ ఇంటామె గూడ ఓడెక్కిందా ఏంది?"

శ్రవణ్ కుమార్ నవ్వాడు.

"లేదు సాబ్. ఆమె ఎక్కలే."

"గింజలు ఖతమైనయి. పో."

బెండ గింజల డబ్బా బల్ల మీదే ఉంది. ముసలాయన దాన్ని చూశాడు. గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

"పెద్దాయన మంచికే చెప్పిండు గదా" అంది యమున.

"బెండ గింజలకొచ్చినోడు గూడ ఓడ సంగతి చెప్పబట్టె" అన్నాడు ప్రేమ్ కుమార్. కాగితం మీద సంతకం పెట్టాడు.

మే 17. ఓడ ఎక్కిన మొదటి రాత్రి.

ఏడున్నరకు యమున గదిలో సూది వేసుకుంది. పది నిమిషాల్లో ఇద్దరూ పైకి వచ్చారు. భోజనాల హాలు ముందు వరుస మెట్ల దాకా ఉంది.

"నలభై నిమిషాలు" అంది ఇంగ్లీషులో తలుపు దగ్గరి అమ్మాయి.

ప్రేమ్ కుమార్ తనకు వచ్చిన హిందీలో సూది సంగతి చెప్పాడు. ఆమెకు హిందీ రాదు. అతని చేతిలోని టూరు కాగితం తిప్పి రెండో గడి చూపించింది.

ముందు జనం. వెనక జనం. గ్లూకోజ్ పొట్లం గదిలో ఉంది. గది ఆరు అంతస్తుల కింద. లిఫ్టు ముందు ఇంకో వరుస.

గద్వాలలో అయితే నాలుగు అడుగుల్లో చాయ్ హోటల్. ఇక్కడ కిటికీ అవతల నీళ్లు, చీకటి.

ఎనిమిది దాటి పది నిమిషాలు. యమున నుదుటి మీద చెమట పట్టింది.

"చేతులు వణుకుతున్నయి."

"ఇంగ జరసేపు."

"నిలబడుడు నాతోని అయితలేదు."

ఆమె అతని భుజం మీదికి ఒరిగింది. వదిలేసి కిందికి పోలేడు. పట్టుకుని ముందుకు పోలేడు. పక్కవాళ్లను హిందీలో పిలిచాడు, తర్వాత తెలుగులో పిలిచాడు. వాళ్లు జరిగి చోటిచ్చారు. అంతే.

అప్పుడు వరుస పక్కగా ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ ఒక సర్వర్ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. కోటు మీద అర్బాజ్ అని పేరు. చేతిలో పళ్లరసం గ్లాసు.

"గద్వాల ప్రేమ్ కుమార్ సాబేనా? ఈమె యమునా మేడమేనా?"

"ఔను."

"మొదలు ఇది తాగున్రి మేడం."

ఆమె తాగింది. అతను ఇద్దరినీ పక్క తలుపు నుంచి లోపలికి తీసుకుపోయాడు. గోడ వారన చిన్న బల్ల. రెండు కుర్చీలు. బోర్లించిన పళ్లాలు. కూర్చున్న వెంటనే అన్నం వచ్చింది.

"ఆరున్నర సంది పట్టి పెట్టిన సాబ్. మీరు రాకపోతే బయట దేవులాడిన. మూడు దినాలు ఈ కుర్చీలు మీవే."

పావుగంటకు యమున చేయి వెచ్చబడింది. ప్రేమ్ కుమార్ ముఖం తుడుచుకున్నాడు.

"నీది ఏ ఊరు?"

"హైదరాబాద్ సాబ్."

"కంపెనీ వాళ్లు చెప్పిండ్రా మా సంగతి?"

"కంపెనీ గాదు. మా ఉస్తాద్ చెప్పిండు. నాకు పళ్లెం పట్టుడు నేర్పిందే ఆయన."

అర్బాజ్ జేబులోంచి కవరు తీశాడు. ఉత్తరం ఉర్దూలో ఉంది. అతనే చదివి తెలుగులో చెప్పాడు.

మా ఊరి అమ్మ ఒకామె వస్తోంది. పేరు యమున, భర్త విత్తనాల దుకాణం ప్రేమ్ కుమార్. సూది వేసుకుంటుంది. ఎప్పుడైనా అన్న గడిలో టిక్కు పెట్టారు. ఆరున్నరకు ఒక కుర్చీ పట్టి ఉంచు. ఆ రోజు ఇక్కడ మా ఇంటామె ఖుర్షీద్‌కు సూది అయ్యాక అన్నం పెట్టేవాళ్లు లేరు, నేను అక్కడ ఓడలో వడ్డిస్తూ ఉన్నాను. నేను బాగున్నాను. ఇంటి వెనక బెండ వేద్దామనుకున్నాను, గింజలు దొరకలేదు.

ప్రేమ్ కుమార్ కవరు అడిగి తీసుకున్నాడు.

కవరు మీద గద్వాల పోస్టాఫీసు ముద్ర, ఏప్రిల్ 19 తేదీ, పంపినవారి చోట ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు: జలాలుద్దీన్. "పన్నెండేండ్లు ఈ హాలుకే హెడ్ వెయిటర్ ఉండె" అన్నాడు అర్బాజ్.