రాని పిల్లల సంతకాలు

కరీంనగర్ కాలేజీలో పాత హాస్టల్ రిజిస్టర్లను తెల్లారితే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. "ఒక్క గడి ఖాళీగ కనబడ్డా నీ నౌకరి పోతది," అని సూపరింటెండెంట్ బెదిరించి వెళ్లాడు. రికార్డు గదిలో గుమాస్తా రాజేశం ఒక్కడే మిగిలాడు.

ఊరికి పోయే పిల్లలు పోయిన తేదీ రాసి, తిరిగొచ్చాక పక్క గడిలో సంతకం పెట్టాలి. కొందరు పెట్టలేదు. వాళ్లెందుకు రాలేదో అడిగే తీరిక రాజేశానికి లేదు. ఆ సంతకాలన్నీ తనే గీకుతూ పోయాడు. పదకొండింటికి చివరి గడి నిండింది. ముప్పై ఏళ్ల కింద పోయిన బెల్లంపల్లి పిల్లవాడిది.

సిరా ఆరకముందే ఫోన్ మోగింది. గేటు దగ్గరి వాచ్‌మన్ పోశెట్టి.

"రాజేశమన్నా, ఎవడో పోరడొచ్చిండే. బెల్లంపల్లట. హాస్టల్ల పండుకుంటడట."

"గింత రాత్రా? తాగిండా ఏంది?"

"తాగలే. వాన లేకపాయె, బట్టలేమో నానినయ్. సంతకమైంది, గేటు తియ్యమంటుండు."

రాజేశం రిజిస్టర్ మూసేశాడు. "తియ్యకు," అన్నాడు.



"ఎట్లనే అన్నా," పోశెట్టి గొంతు తగ్గించాడు. "ఒక్కడు గాదు. ఎనక రోడ్డు పొడుగు నిలబడ్డరు. అందరు నీ పేరే చెప్తుండ్రు."