పచ్చబూజు సంచి

ఊళ్లో గడ్డివాములు పోయి చాలా కాలమైంది. కోతలయ్యాక గడ్డినంతా ఉడకబెట్టి, తెల్లబూజు విత్తనం కలిపి, సంచుల్లో కూరి కట్టేస్తున్నారు. అది పేరిన పెరుగులా గట్టిపడితే ఇక తవుడుతో పనిలేదు, గేదె దాన్ని తినే బిందె నిండా పాలిస్తుంది. కట్టుబాటు ఒక్కటే: సంచి కట్టే మనిషి మూతికి గుడ్డ ఉండాలి, మాట పెగలకూడదు. నోటిగాలి సోకితే పచ్చబూజు పడుతుంది.

సింహాద్రమ్మ మొగుడు అప్పన్నకి ఆ నియమం ఏనాడూ ఎక్కలేదు. గుడ్డ గెడ్డం కిందకి లాగి, వాన సంగతో గేదె సంగతో చెబుతూనే కట్టేవాడు.

"నీ నోరు పడిపోనూ, మళ్లీ సంచి పాడుచేసినావు!" అని ఆవిడ తిట్టేది.

అప్పన్న పోయాక ఆవిడ కట్టిన సంచులన్నీ మల్లెపూలలా తెల్లగా వచ్చాయి. నోరు విప్పడానికి ఇంట్లో మనిషంటూ ఉండాలి కదా.

ఇవాళ సంచుల గది ఊడుస్తుంటే అన్నిటికీ అడుగున పాత సంచి ఒకటి బయటపడింది. ముడి అప్పన్నదే. లోపలంతా పచ్చబూజు.

పక్కింటి పారమ్మ తొంగి చూసింది. "ఓలప్పా, బేగి పాతీ! మిగతావాటికి అంటీగలదు."

"పాతేస్తాన్లే."

పారమ్మ వెళ్లాక సింహాద్రమ్మ ఆ సంచిని వసారాలోకి తెచ్చి, తన మంచం పక్కన పెట్టుకుంది. తర్వాత కొత్త సంచిలో గడ్డి కూరి, మూతిగుడ్డ కిందకి లాగింది.

"గేదె ఈనిందయ్యా. నువ్వన్నట్టే పెయ్యదూడ."

అని, ఆ మాట బయటికి పోకుండా ముడి బిగించింది.