ఐసు గట్టిపడే దాకా

కౌన్సిలరు ఎన్నికలో ఓడిపోయిన సాయంత్రం ధనరాజు ఇంటికి వెళ్లలేదు. జంగ్లీఘాట్ చేపల రేవులోని తన ఐసు ఫ్యాక్టరీకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. గెలుస్తాడని పొద్దున్నే కప్పిన శాలువా ఇంకా భుజాల మీదే ఉంది.

సొంత వీధివాళ్లే ముంచారు. కౌన్సిలరుగా ఉన్న ఐదేళ్లూ ఎవరింట్లో నల్లా ఎండినా ట్యాంకరు పంపాడు. ఎవరు పోయినా ముందు తనే వెళ్లాడు. ఇప్పుడు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

చేపలమ్మే గురమ్మ వచ్చి బల్ల మీద ఒక సూరచేప పెట్టింది. వేట నుంచి డింగీ పడవ రాగానే, ఐసు ఇచ్చినవాడి చేతికి ఒక చేప ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. కౌన్సిలరయ్యాక అతనికి శాలువాలే అందాయి.

“ఓదార్చడానికొచ్చావా దీదీ?”

“నేదు భయ్యా. నాను నీకు ఓటెయ్యనేదు. మా ఈదిలో ఎవులూ ఎయ్యనేదు.”

“నేనేం తక్కువ చేశాను?”

“ఏటీ తక్కువ సెయ్యనేదు. కౌన్సిలరు ఇంకొకడు దొరుకుతాడు. నువ్వు మీటింగులకి ఎల్లిపోతే నీ మనుసులు ఐసు గట్టిపడకముందే తీసేత్తన్నారు. సముద్రం మీదే కరిగిపోతంది. సేపలు కుళ్లిపోతన్నాయి. మాకు ఐసోడివి నువ్వే కావాలి.”

 ధనరాజు బరువుగా లేచి, శాలువా తీసి పక్కనున్న ఐసు దిమ్మ మీద కప్పాడు.

“రేపు మీ డింగీ ఎన్నింటికి బయల్దేరుతుంది దీదీ?”