గురి తప్పిన ఫోటో

"అక్కా, పిట్టలు తప్ప అన్నీ బ్రహ్మాండంగా పడ్డాయి" అన్నాడు ఫోటోలు తీయడం నేర్పే ప్యో మాస్టారు, మల్సుక్ కెమెరా తెరలోకి తొంగిచూసి.

జంగ్‌హాంగ్ సముద్రపు కట్ట మీద బారులు తీరిన ఫోటోగ్రాఫర్లు గొల్లున నవ్వారు. మల్సుక్ మొహం కందిపోయింది.

పోటు ఎక్కుతోంది. బురద మేటలు మునిగేకొద్దీ ఉల్లంకి పిట్టలు మందలు మందలుగా లేచి కట్ట మీదుగా దూసుకుపోతున్నాయి. అందరి టెలీ లెన్సులూ ఆ రెక్కల వెంటే తిరుగుతున్నాయి. మల్సుక్ లెన్సు మాత్రం ఈసారీ పిట్టల్ని వదిలేసి వాటి వెనకున్న సముద్రాన్ని పట్టుకుంది. పిట్టలన్నీ మసక మరకలు. ఎక్కడో దూరాన ఉన్న ఇసుక దిబ్బ అద్దంలో చూసినట్టుంది.

చెరిపేయబోయి ఆగింది. దిబ్బ మీద నల్లగా ఏదో నిలబడి ఉంది. పెద్దది చేసి చూసింది. దానికి చేతులున్నాయి.

"మాస్టారూ, అక్కడెవరో చిక్కుకుపోయారు."

ప్యో కంటి దగ్గర్నుంచి కెమెరా తీయలేదు. అది వలలు కట్టే గుంజ అనీ, తను ఏళ్ల తరబడి చూస్తున్నదేననీ, ఇంత మంచి పోటు మళ్లీ ఎప్పటికో గానీ రాదనీ, ముందు పిట్టల సంగతి చూసుకోమనీ అన్నాడు. పక్కవాళ్లు అటు చూశారు గానీ, ఉత్త కంటికి నీళ్ల మెరుపు తప్ప ఏమీ ఆనలేదు.

మల్సుక్ ఈసారి పిట్టల్ని కావాలనే వదిలేసి దిబ్బకే గురిపెట్టింది. మొదటి ఫోటోలో చేతులు పైకెత్తి ఉన్నాయి. ఇందులో పక్కలకు చాచి ఉన్నాయి. కాళ్ల చుట్టూ నీళ్లు.

"గుంజలు చేతులూపవు మాస్టారూ" అని ఫోను తీసింది. కోస్ట్ గార్డు వాళ్లు గుర్తులడిగితే, తెర చూస్తూనే ఒక్కొక్కటీ చెప్పింది.

కోస్ట్ గార్డు బోటు రొదకు వేల పిట్టలు ఒక్కసారిగా లేచి ఆకాశాన్ని కప్పేశాయి. అలాంటి దృశ్యం కోసమే చలిలో పడిగాపులు పడ్డవాళ్లు, ఒక్కరూ వాటి వంక చూడలేదు. లెన్సులన్నీ దిబ్బ వైపు తిరిగాయి.

"ఎక్కించేశారు" అన్నారెవరో. కట్టంతా చప్పట్లు. ఇందాక అందరికంటే గట్టిగా నవ్విన పెద్దాయన తన ఫ్లాస్కులోని బార్లీ టీ మల్సుక్‌కి పోసిచ్చాడు. అది అందుకుంటుంటే ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బోటు కట్టకు ఆనింది. దుప్పటి చుట్టుకున్న ముసలామె, ఆల్చిప్పల బుట్ట వదలకుండానే దిగింది. జనాన్ని పక్కకు జరుపుతూ ముందుకొచ్చిన ప్యో కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"అమ్మా... మోకాళ్ల నొప్పులు, ఇంట్లోనే పడుకుంటానన్నావు కదా?"

ముసలామె తడి చేత్తో అతని చెంప నిమిరింది.

"కట్ట మీద మీ లెన్సులు మెరుస్తూ కనపడ్డాయి నాన్నా. నా కొడుకు చూసే ఉంటాడులే అని ధైర్యంగా నిలబడ్డాను."