పన్నెండు పచ్చ గడులు

“ఇంకా ఎంతసేపు?” అంది టైలరమ్మ, కంప్యూటరు ముందు కూర్చున్న మేస్త్రీ కుర్చీ వెనక నిలబడి.

“రెండు నిమిషాలు. నా మెడ మీద ఊపిరి వదలకు, చెయ్యి వణుకుతోంది.”

“వణికితే ఏమైంది? లేతు మిషనా, వేలు తెగడానికి?”

మేస్త్రీ నలభై ఏళ్ళు లేతు మిషను మీద ఇనుము చెక్కిన మనిషి. పని మానేశాక ఊరికే కూర్చోలేక, వేరే ఊళ్ళో ఉద్యోగం చేసే కూతురి దగ్గర ఫోన్లోనే ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. అరవైలో ఇరవై వచ్చిందని పదిమందీ నవ్వితే నవ్వారు. ఆ చదువుకి ఇవాళే అసలు పరీక్ష.

ఆయన భార్య టైలరమ్మ రెండు కళ్ళకీ పొర కమ్మింది. గుండీ కాజాకీ చొక్కా చిరుగుకీ తేడా తెలియడం లేదు. పొద్దున్నే ఆయన ఇరవై సూదుల్లో దారాలు ఎక్కించి దిండుకి వరసగా గుచ్చి పెడితేనే ఆ రోజుకి ఆవిడ కుట్టు సాగుతుంది. ఆ పొర తీసే డాక్టరు మూడు నెలలకోసారి, ఒకే ఒక్క రోజు వస్తాడు. తొమ్మిదింటి నుంచి అరగంటకొకరు చొప్పున పన్నెండు మందిని చూస్తాడు. ముందు రోజు సరిగ్గా పదింటికి ఆసుపత్రి పేజీలో పన్నెండు పచ్చ గడులు తెరుచుకుంటాయి. ఎవరైనా పట్టుకున్న గడి ఎర్రబడుతుంది. కిందటి రెండు సార్లూ ఆయన ఆవిడ పేరు కొట్టేలోగానే అన్నీ ఎర్రబడ్డాయి. ఈసారీ దొరక్కపోతే కుట్టు మిషను అమ్మేస్తానని ఆవిడ ఖరాఖండిగా చెప్పేసింది.

అందుకే ఈసారి మేస్త్రీ మనిషి వేళ్ళని నమ్ముకోలేదు. టైలరమ్మ పేరూ వయసూ నింపి గడి పట్టే చిన్న కమాండొకటి కూతురు రాసి పంపింది. మేస్త్రీ సొంతంగా రాసుకున్న ప్రోగ్రాము ఖాళీ గడి ఎక్కడుందో చూస్తుంది, విడిగా ఉన్న ఆ కమాండుని కేకేసి పిలిచి పని పురమాయిస్తుంది.

“అంటే తను చెయ్యదు, ఇంకొకరి చేత చేయిస్తుంది,” అంది టైలరమ్మ. “అచ్చం తమరి పోలికే.”

“నవ్వు, నవ్వు. పని పురమాయించాక అది ముగించుకొచ్చేదాకా ఆగమని అమ్మాయి చెప్పింది. దానికి పావు నిమిషం పడుతుంది. అంతసేపు చేతులు కట్టుకుని నిలబడతామా? నిన్న ఆ ఆగడం పీకేశాను. పురమాయించు, అయ్యిందా అని అడుగు, జవాబు లేకపోతే ముందుకి పో. మా షాపులో ఖాళీగా నిలబడేవాణ్ణి స్తంభం అని పిలిచేవాళ్ళు.”

అంతలో పక్కింటి పంతులమ్మ ఫోను పట్టుకుని తలుపు తోసుకొచ్చింది. ఆవిడ కళ్ళకీ ఆ డాక్టరే కావాలి.

“తమ్ముడూ, నీతో పాటు నేనూ నొక్కుతా. మీ ఇంటికొకటి, మా ఇంటికొకటి. అంతకన్నా ఆశ లేదు.”

పది కొట్టింది. పన్నెండు గడులూ ఒక్కసారి పచ్చగా వెలిగాయి. మేస్త్రీ మీట నొక్కాడు. తొమ్మిది గంటల గడికి కమాండు వెళ్ళింది. ‘జవాబు లేదు’ అని పడింది తెర మీద.

“పోనీ, తొమ్మిదిన్నర.”

‘జవాబు లేదు.’

“పది.”

‘జవాబు లేదు.’

“అదిగో, తొమ్మిది ఎర్రబడింది,” అంది టైలరమ్మ, ముఖం తెరకి ఆనించి. రంగులు మాత్రం ఆవిడకింకా తెలుస్తాయి.

“చూశావా, మనం అడిగేటప్పటికే ఎవరో పట్టేశారు. ఎరుపు మనకి ఆలస్యంగా కనబడుతోంది, అంతే.”

“పదిన్నర కూడా పోయింది తమ్ముడూ, నా పేరు సగంలో ఉండగానే.”

“పదకొండు చూడండి అక్కయ్యగారూ, నేను పదకొండున్నర మీదున్నాను.”

ఎర్ర గడులు ఆయన వెనకాలే తరుముకొస్తున్నాయి. మేస్త్రీకి చెమటలు పట్టాయి, కానీ కళ్ళు మెరుస్తున్నాయి. ఇంత జోరు పోటీ ఆయన నలభై ఏళ్ళ పనిలో చూడలేదు.

“ఎవడో గానీ మొనగాడే. నన్ను ఊపిరి తీసుకోనివ్వడం లేదు.”

“మొనగాడు కాదు, తిండిపోతు,” అంది పంతులమ్మ. “కడుపు నిండినా కంచం వదలడు. మా బళ్ళో అయితే వాణ్ణి బెంచీ ఎక్కించేదాన్ని.”

“అలా అనకండి వదినగారూ,” అంది టైలరమ్మ. “ఆ కళ్ళకి ఎంత అవసరమొచ్చిందో, పాపం.”

చివరికి రెండున్నర గడి ఒక్కటే పచ్చగా మిగిలింది. మేస్త్రీ దాన్నీ అప్పటికే నొక్కేశాడు. ‘జవాబు లేదు.’ పంతులమ్మ ఆఖరి అక్షరం కొడుతుండగా అదీ ఎర్రబడింది.

పంతులమ్మ తన ఫోను బల్ల మీద బోర్లించింది.

“పోనిద్దురూ,” అంది టైలరమ్మే ముందుగా. “మిషను అమ్మకానికుందని రేపు నలుగురితో చెప్పండి.”

“ఇంకో మూడు నెలలకి నీకు సూది కాదు, నేనే కనబడను.”

“ఆ మాత్రం ప్రశాంతత నాకూ కావాలి లెండి,” అంది ఆవిడ. చెయ్యి మాత్రం దిండుకున్న సూదుల్ని తడుముతోంది.

అప్పుడు ఫోను మోగింది.

“ఆసుపత్రి నుంచండి,” అంది ఒక అమ్మాయి. “రేపటి డాక్టరుగారి దగ్గర పేరు ఖరారు చేసుకుందామని.”

మేస్త్రీ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. “దొరికిందామ్మా? మాకు ఒక్కటైనా దొరికిందా?”

టైలరమ్మ ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పంతులమ్మ చెవి ఫోను దగ్గరికి చేర్చింది. అవతల అమ్మాయి మీ ఇంటావిడ పేరు ఇదే కదా అని ఒకటికి రెండు సార్లు అడిగింది. వయసు అడిగింది. తర్వాత గొంతు సవరించుకుంది.

“పన్నెండూ ఆవిడ పేరు మీదే ఉన్నాయండీ.”