ఎడమవైపు చోటు

"ఆ జపమాల ఆపు అక్కా, అందరూ మౌనంలో ఉన్నారు," అంది లొరెయిన్ గుసగుసగా.

కేథలిక్ అయిన బెర్నడెట్‌కు చెల్లెలు వెళ్లే, మౌనంగా కూర్చోవడమే ప్రార్థనగా భావించే ఈ క్వేకర్ క్రైస్తవుల మందిరం కొత్త.

"కునుకు తీస్తున్నట్టు కూర్చుంటే అది ప్రార్థనటే? ఈరీ సరస్సులో మునిగిపోయిన నీ కొడుకు కోసం ఆరేళ్లుగా నేనొక్కదాన్నే దేవుణ్ణి అడుగుతున్నా."

"నువ్వు అడుగు. నేను వింటున్నా."

"ఏం వినబడింది మరి?"

చెల్లెలు కళ్లు మూసుకుంది.

గంట గడిచాక ముందు వరుసలోని మందిరం పెద్దాయన పక్కవాడితో చేయి కలిపి మౌనం ముగించాడు. వరుసలన్నింటా చేతులు కలిశాయి. లొరెయిన్ ముందుగా తన ఎడమవైపు ఖాళీ చోటుకు చేయి చాచింది. కాసేపాగి, అదే చేయి అక్కకు అందించింది.

అరచేయి తడిగా ఉంది. వేళ్ల మధ్య ఇసుక తగిలింది.

బెర్నడెట్ జపమాలను సంచిలో వేసేసింది.

"వచ్చే ఆదివారం," అంది మెల్లగా, "నేను వాడికి అవతల పక్కన కూర్చుంటానే."