వంతెన మీద రెండో మనిషి

జనం ఇంట్లో కుర్చీలోంచి కదలకుండా, బొమ్మలు చూపించే కళ్ళజోడు పెట్టుకుని అందులోనే ఊళ్ళన్నీ తిరిగేస్తున్న రోజులవి. గోదావరి మీది పాత రైలు వంతెనను నడకకూ సైకిళ్ళకూ వదిలేసినా వచ్చేవాళ్ళు లేరు. వరహాలమ్మ ఒక్కతే రోజూ అవతలి ఒడ్డుదాకా నడిచి తిరిగొచ్చేది. వంతెన మొదట్లో ఉన్న లెక్కల బోర్డు మీద మాత్రం "నిన్న నడిచినవారు: ఇద్దరు" అని కనిపించేది.

ఆ రెండో మనిషితో నాలుగు మాటలు చెప్పుకోవాలని, ఒకరోజు తిరిగొస్తూ ఫ్లాస్కులో టీతో సాయంత్రందాకా వంతెన మధ్యలో కూర్చుంది. ఎవరూ రాలేదు. చివరికి వంతెన కాపలా యంత్రాన్ని అడిగింది.

"ఏమయ్యా, ఆ రెండో ఆయన ఎప్పుడొస్తాడు?"

"ఎవరూ రారమ్మా. మీరు వెళ్ళేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు అని రాస్తున్నాను. తప్పే. దిద్దమంటారా?"

వరహాలమ్మ ఫ్లాస్కు మూత బిగించి లేచింది.

"వద్దులే నాయనా. ఇద్దరనే ఉండనీ."